పెళ్లికాని పిల్లకు బిళ్ళలు ఇప్పించుట గురించి

ఆసుపత్రి పెద్ద డాక్టరు గారి సముఖమునకు, తిరువూరు కాపురస్తుడు, లారీ సీట్లు కుట్టుకొను షేక్ ఖాజావలి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా మనవరాలు మెహనాజ్, వయసు పద్నాలుగు, తొమ్మిదో తరగతి. దీనికి తమ ఆసుపత్రి నుండి బిళ్ళలు గాని, పెళ్లికొడుకును గాని ఇప్పించుట గురించి.

1. సదరు పిల్ల పెద్దమనిషి అయి ఏడాది. నెలసరి వచ్చిందంటే రెండు వారాలైనా ఆగదు. బడిలో ప్రార్థనప్పుడు కళ్లు తిరిగి పడిపోయినది. ఆడవాళ్లు మాట్లాడుకునే సంగతి నువ్వెందుకు రాస్తావని నా భార్య బషీరా అడ్డుపడినది. ఆడవాళ్లు ఏడాది మాట్లాడుకున్నారు. పిల్ల తెల్లకాగితంలా పాలిపోయినది. కనుక నేను వ్రాయుచున్నాను.

2. తమ ఆసుపత్రిలో పిల్లల గదికి పోగా, "పెద్దమనిషైందిగా, ఆడవాళ్ల వైపు పో తాతా" అన్నారు. ఆడవాళ్ల వైపు నర్సమ్మ తల ఎత్తకుండానే "ఎన్నో నెల?" అన్నది. "తొమ్మిదో తరగతమ్మా" అన్నాను. "ఇక్కడ కడుపుతో ఉన్నవాళ్లనే చూస్తారు" అన్నది. రెండు గదుల నడుమ వరండాలో ఒక బల్ల ఉన్నది. దాని మీద కూర్చున్నాము. ఆ బల్లకు డాక్టరు లేడు.

3. డాక్టరమ్మ గీతాంజలి గారు భోజనానికి పోతూ మమ్మల్ని చూసి లోపలికి పిలిచినారు. ఆమె మీద ఫిర్యాదు లేదు, ఈ పేరాకు మూడో నంబరు పొరపాటున పడినది. పరీక్షలు చేయించి, పన్నెండు ఉండాల్సిన రక్తం ఏడుకు దిగిందని, లోపల గడ్డలేమీ లేవని, పెద్దమనిషైన కొత్తలో గ్రంథులు కుదురుకోక చాలామంది పిల్లలకు ఇట్లా అవుతుందని చెప్పినారు. కొత్త బండికి బ్రేకు కుదరనట్టని నాకు అర్థమైనది. ఐరన్ బిళ్ళలతో పాటు నెలసరిని అదుపులో పెట్టే బిళ్ళలు మూడు నెలలు వాడాలి, నడుమ ఆపకూడదన్నారు. మొదటి అట్ట ఆమే ఇచ్చినారు. పిల్ల తేరుకున్నది.

4. రెండో అట్ట కోసం మందుల కిటికీకి పోగా, అక్కడి వీరరాఘవయ్య చీటీ చూసి, వరసలో జనమంతా వినేటట్టు, "ఇవి పిల్లలు పుట్టకుండా మింగేవి. పెళ్లైనవాళ్లకే" అన్నాడు. డాక్టరమ్మ రాసిందయ్యా అన్నాను. "ఆమె సెలవులో ఉంది. పెళ్లి చెయ్ తాతా, అదే తగ్గుద్ది" అన్నాడు. వరసలో ఎవరో నవ్వారు. మెహనాజ్ చున్నీ మొహం మీదికి లాక్కున్నది, తప్పు చేసినదానిలాగా. అయ్యా, అది నాకు నచ్చలేదు.

5. సదరు కిటికీ పక్కనే, పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేస్తే జైలు అని తమరే కాగితం అంటించారు. బిళ్ళలు కావాలంటే పెళ్లి చెయ్యాలి. పెళ్లి చేస్తే జైలుకు పోవాలి. పెళ్లే మందైతే అదీ తమ స్టోరులోనే ఉండవలెను గదా. లేదంటే బయట కొనుక్కోమని చీటీ అయినా రాసివ్వండి.

అట్టలో మిగిలినవి మూడు బిళ్ళలు. ఆపితే పిల్ల మళ్లీ పడిపోవును. కావున మిగతా బిళ్ళలు తక్షణం ఇప్పించి, ఇది జబ్బే గాని తప్పు కాదని అదే కిటికీలోంచి, అదే గొంతుతో వీరరాఘవయ్య చేత చెప్పించవలెనను నా మొర చిత్తగించవలెను.

బిళ్ళలు అందేవరకు మాత్రం,
తమ విధేయుడు,
షేక్ ఖాజావలి

మరొక మాట: కిటికీ పక్కన అంటించిన సదరు కాగితం కింద ఫోన్ నంబరు ఉన్నది, చిన్నపిల్లలకు పెళ్లి చేయిస్తుంటే చెప్పమని. చెప్పాను. మందుల కిటికీలో ఒకాయన పద్నాలుగేళ్ల పిల్లకు పెళ్లి చెయ్యమని బలవంతపెడుతున్నాడన్నాను. పేరు అడిగారు, ఇచ్చాను. రేపు పదింటికి విచారణకు వస్తారట. నేనూ మెహనాజ్ తొమ్మిదికే వచ్చి ఆ బల్ల మీదే కూర్చుంటాము.