వెనక బెంచీ పిల్ల

అక్కయ్యా, నేను క్షేమమే గానీ మనసు బాగాలేదు.

రెండో తరగతి పిల్లలకి చదవడం నేర్పమని మా బడికి ఈ-రీడర్లు, అంటే తెరమీద పుస్తకాలు చదివే పలకలు, ఇచ్చారు. పుస్తకం తీస్తే నోరు విప్పని పిల్ల ఒకతి ఉంది. మొద్దని ఏడాదంతా వెనక బెంచీలో కూర్చోబెట్టాను. నిన్న అది తెరమీద అక్షరాలు పెద్దవి చేసుకుని పేజీ మొత్తం గడగడా చదివేసింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చదవలేదే?" అన్నాను.

"పుస్తకంలో అన్నీ చీమల్లా కనిపిస్తాయి టీచర్. చెబితే తిడతారని చెప్పలేదు" అంది.

వాళ్ళమ్మని పిలిచి కళ్ళజోడు సంగతి చెప్పాను గానీ, ఆ పిల్లకి పోయిన ఏడాదిని ఎక్కణ్ణించి తెచ్చివ్వను?

మన బుజ్జి కూడా పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతుంది కదా, వెంటనే కళ్ళ డాక్టరుకి చూపించు. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? బావగారికి నమస్కారాలు, బుజ్జికి ముద్దులు. డాక్టరు ఏమన్నాడో నువ్వు రాసేదాకా నాకు స్థిమితం ఉండదు.

నీ చెల్లి