చీమలు చెప్పిన జబ్బు

ప్రొద్దుటూరు

పులివెందులలో ఉన్న గౌరి వదినగారికి, మీ అమ్మాయి కౌముది అత్తగారు జయలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మా మేడమీద బాత్‌రూములో చీమలు మాకంటే క్షేమం.

వియ్యాలవారితో ఫోనులో మాట్లాడితే మాటమీద మాట పెరుగుతుంది, కాగితమైతే మర్యాద నిలుస్తుంది. అందుకే చీరల మూటలతో మీ ఊరు వస్తున్న మా అంగడి దస్తగిరి చేతికి ఈ ఉత్తరమిచ్చాను.

ఆ చీమలు పిల్లల గదిని ఆనుకున్న బాత్‌రూముకే వస్తున్నాయి. కింద మా బాత్‌రూముకు ఒక్కటీ రాదు. అమ్మవారిశాల గుడిలో పెద్దవాళ్ళను అడిగితే, "ఒంట్లో చక్కెర జబ్బు ఉండేవాళ్ళు యాడ ఒంటికి పోతే చీమలు ఆడికే వస్తాయి జయమ్మా. ఇంగ పరీక్షలెందుకు?" అన్నారు. మా వంశంలో ఆ జబ్బు ఎవరికీ లేదు. పెళ్ళిచూపులనాడు మీరేదైనా చెప్పడం మరిచిపోయారేమోనని అడుగుతున్నాను, అంతే.

ఇట్లు,
జయలక్ష్మి

తా.క. గుర్తొస్తే రాయండి. ఈ కాగితం వెనకవైపు ఖాళీగానే ఉంది.

పులివెందుల

జయలక్ష్మి వదినగారికి గౌరి నమస్కరించి రాసేది. మీ కాగితం వెనకవైపు వాడలేదు. దేవుడి దయవల్ల మా ఇంట్లోనూ కాగితాలున్నాయి.

బాత్‌రూముకు చీమలొస్తే బాత్‌రూము కడగాలిగానీ కోడలి వంశాన్ని కడగకూడదు వదినా. మా పిల్ల ఈ ఇంట్లోనే పుట్టి పెరిగింది, ఏనాడూ దాని వెంట చీమ పడలేదు. మూలల్లో పసుపు చల్లి, చీమలమందు పెట్టి చూడండి. అయినా మీ మనసు కుదుటపడాలి కాబట్టి, జమ్మలమడుగులో మా అన్నగారింటికి పిలిపించుకుని రక్తపరీక్ష చేయిస్తాను. పులివెందులలో చేయిస్తే సాయంత్రానికల్లా బస్టాండులో మాట్లాడుకుంటారు.

మీ వదిన,
గౌరి

తా.క. అల్లుడుగారికి కూడా చేయిద్దామా? బాత్‌రూము ఇద్దరిదీ కదా.

ప్రొద్దుటూరు

గౌరి వదినగారికి జయలక్ష్మి రాసేది. పరీక్ష కాగితం అందింది. చక్కెర లేదని ఉంది. ఉండదు మరి! జమ్మలమడుగు మీ అన్నగారి ఊరు. ఆ పరీక్షలు చేసేవాడు మీ అన్నగారికి నమస్కారం పెట్టకుండా రోడ్డు దాటడట. చీమలకు మీ అన్నగారెవరో తెలియదు.

నా కొడుక్కి పరీక్షా! ముప్పై ఏళ్ళు నిండని బిడ్డ, కూర్చుంటే ఎనిమిది బొబ్బట్లు తింటాడు. జబ్బున్నవాడు తినగలడా?

కౌముదికి నేనే పథ్యం పెట్టాను. కొర్రన్నం, కాకరకాయ, మెంతినీళ్ళు. తీపి ఉన్న బీరువాకు తాళం వేశాను. ఇంకో కోడలైతే ఇల్లు పీకి పందిరి వేసేది. మీ పిల్ల నోరెత్తకుండా పళ్ళెం తీసుకుని మేడమీదికి పోతుంది. జబ్బు లేకపోతే ఎవరైనా కాకరకాయను అంత శాంతంగా తీసుకుంటారా?

ఇట్లు,
జయలక్ష్మి

తా.క. పథ్యం పెట్టాక చీమలు తగ్గాయి. దీనికేమంటారు?

పులివెందుల

వదినగారికి గౌరి రాసేది. మా అన్న మీ ఊరొచ్చి పిల్లను చూసిపోయాడు. "ఏంది పాపా, ఇట్ల చిక్కిపోతాండావు?" అని అడిగితే, "ఏం ల్యా మామా, శానా బాగుండా" అందట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

లేని జబ్బుకు పథ్యమేమిటి? నా బిడ్డ కాపురాన్ని తీసుకుపోయి చీమల చేతిలో పెట్టారు. అది ఆ ఇంట్లో తలెత్తుకుని బతకాలి, నేను కోరేది అదొక్కటే. చేతులు జోడించి అడుగుతున్నాను, ఇంతటితో ఆపండి.

గౌరి

తా.క. ఆ మెంతినీళ్ళు మీరు కూడా తాగండి. ఒంట్లో వేడి తగ్గుతుందట.

ప్రొద్దుటూరు

గౌరమ్మ గారికి. ఇక వదిన అనే వరస అనవసరం.

మీ అమ్మాయి బీరువాలో, చీర మడతల మధ్య మాత్రలు దొరికాయి. మందుల అంగడిలో చూపించాను. చక్కెర జబ్బువేనట! ఎవరివని అడిగితే తలవంచుకుని నిలబడింది. పక్కింటి ఖైరున్నీసా సాక్షి. "పోనీలే జయక్కా, చిన్నపిల్ల" అని ఆమె అడ్డం రాకపోతే నా చెయ్యి లేచేది. మా అబ్బాయి శ్రీహర్ష కూడా అక్కడే ఉన్నాడు. పెళ్ళాం ఇంత మోసం చేసిందని తెలిసి, పాపం, మొహం గోడకు తిప్పుకున్నాడు.

మాత్రలన్నీ మురికికాలువలో పారేశాను. ఈ ఉత్తరం వచ్చే బస్సులోనే మీ అమ్మాయి కూడా వస్తోంది. నయమయ్యేదాకా మీ దగ్గరే పెట్టుకోండి.

జయలక్ష్మి

తా.క. ఆ చీర మా అంగడిది. పంపడం లేదు.

పులివెందుల

జయలక్ష్మి గారికి. పిల్ల చేరింది. ఇక్కడ ఇంకోసారి పరీక్ష చేయించాను, బస్టాండులో మాట్లాడుకుంటే మాట్లాడుకోనీ అని. చక్కెర లేదు. మా బాత్‌రూములో చీమ కూడా లేదు. ఆ మాత్రలు ఎవరివే అంటే ఏడుస్తుంది తప్ప చెప్పదు.

గౌరి

తా.క. అమ్మాయి వచ్చేసింది కదా, అక్కడ చీమలు పోయాయా?

ప్రొద్దుటూరు

గౌరమ్మ గారికి. పోలేదు. రెండింతలయ్యాయి. మీ అమ్మాయి పోతూపోతూ జబ్బును మా బాత్‌రూములోనే వదిలిపోయింది. ఇలా కూడా జరుగుతుందని అమ్మవారిశాలలో అన్నారు.

నా బిడ్డ సగమయ్యాడు. ఆ మోసగత్తె మీద కూడా బెంగ పెట్టుకున్నాడు, అంత మెత్తని మనసు. పొద్దస్తమానం బిందెలకొద్దీ నీళ్ళు తాగుతాడు. అంగడిలో కూర్చునే కునుకు తీస్తున్నాడు. "నీరసంగా ఉందిమా" అంటున్నాడు. తీపి బీరువా తాళం తీసేశాను.

జయలక్ష్మి

తా.క. బలానికి పూటకు నాలుగు సున్నుండలు దగ్గర కూర్చుని తినిపిస్తున్నాను. తల్లి చెయ్యి తల్లి చెయ్యే.

పులివెందుల

అత్తగారికి కౌముది నమస్కారాలు. అమ్మకు బదులు నేను రాస్తున్నాను. ముందు ఆ సున్నుండలు ఆపండి.

జబ్బు మీ అబ్బాయిది. పెళ్ళికి ముందునుంచే ఉంది. ప్రొద్దుటూరులో తెలియకూడదని ఆయన కూడా జమ్మలమడుగులోనే చూపించుకుంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో నాతో చెప్పి, "మాయమ్మకు తెలిస్తే తట్టుకోల్యాదు. ఇవి నీ బీరువాలో పెట్టుకో కౌముదీ" అన్నారు. పెట్టుకున్నాను. మీరిచ్చిన కొర్రన్నం, కాకరకాయ మేడమీదికి తీసుకుపోయి ఆయన చేత తినిపించాను. చీమలు అందుకే తగ్గాయి. మిగిలినది నేను తిన్నాను.

మీరు కాలువలో పారేసింది మీ అబ్బాయి మందు. ఆయన అన్ని నీళ్ళు తాగేది నామీద బెంగతో కాదు, మందు లేక.

నిన్న ఫోను చేశారు. నేనెలా ఉన్నానో అడుగుతారనుకున్నాను. "మాత్రలు కొని దస్తగిరితో పంపీ. చీర మడతల్లో పెట్టు, మాయమ్మ కంట్లో పడకుండా" అన్నారు. పంపుతున్నాను. చీర మడతల్లో కాదు, ఈ ఉత్తరంతో పాటు మీ చేతికే. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత వేయించండి. ఇన్నాళ్ళు మానేశారు కాబట్టి ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఎడమకాలి వేలికి పుండు ఉంది. ఆయన చెప్పరు, మీరే చూపించండి.

జబ్బు దాచినందుకు నాకు కోపం లేదత్తా. జబ్బు ఎవరికైనా వస్తుంది. మీరు నన్ను దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టినప్పుడు, "అవి నావమ్మా" అనడానికి ఆయనకు నోరు రాలేదు. నా సంచి బస్సులో పెట్టింది కూడా ఆయనే. నాకు ఆరోజు కడుపు మండిపోయింది, ఇంకా మండుతూనే ఉంది. నేను తిరిగి రాను.

ఇట్లు,
కౌముది

తా.క. చీమలకు మాత్రం మందు పెట్టకండి. ఆయన ఒంటి సంగతి ఆయన మీకు చెప్పరు, చెప్పడానికి నేను అక్కడ ఉండను. ఇక మీకు అవే దిక్కు.