అమ్మ బీరు తేటపడటం లేదు

పోర్ట్ పిరీ, జూలై 9

ఈనిడ్ అక్కా, అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది, కుట్లు మానుతున్నాయి, కంగారు పడకు. నా కంగారంతా బీరు గురించే. ఆపరేషన్‌కి ముందు అమ్మ స్వయంగా కాచి పట్టిన ముప్ఫై సీసాలూ షెడ్డులో ఉన్నాయి. ఆరు వారాలైనా ఈస్టు అడుక్కి దిగలేదు, బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. నెలాఖరుకి నువ్వు రాగానే తాగుదామని వీధివాళ్ళందరినీ పిలిచేసింది. పాడైందని ఏ నోటితో చెప్పను?

నిన్న నేనొక సీసాను తలకిందులు చేసి కిటికీ వెలుగులో చూస్తుంటే, అమ్మ చేతికర్ర పట్టుకుని షెడ్డులోకి వచ్చేసింది.

"రోజూ ఇలాగే చూస్తున్నావా?"

"రెండు పూటలా అమ్మా. అన్నిటినీ."

"ఓరి నీ దుంపతెగ! కిందికి దిగిందాన్ని దిగినట్టే లేపుతుంటే అదెప్పుడు కుదురుకుంటుందిరా? కునుకు పట్టగానే నన్ను లేపి ఊపిరుందా అని చూసేవాడివి, దాన్ని వదులుతావా! ఇద్దర్నీ ఓ రెండు వారాలు ముట్టుకోకు."

వచ్చేటప్పుడు అమ్మకు ఇక్కడి జూలై చలికి ఉన్ని మేజోళ్ళు, ఒక పొట్లం సీసా మూతలు తే. మీ డార్విన్ ఊళ్ళో ఎండకు వచ్చిన పిల్లల దద్దుర్లు తగ్గాయా? బావను అడిగానని చెప్పు. మీ అందరికీ అమ్మ దీవెనలు.

షెడ్డు తాళంచెవి అమ్మ తన దిండు కింద పెట్టుకుంది. అది ఉందో లేదో చూడాలన్న వంకతో ఇందాకే అమ్మను మళ్ళీ లేపాను. త్వరగా రా.

నీ తమ్ముడు
లైల్