నేను వద్దన్న పాందేరో

నార్త్ యార్క్ నివాసిని, వేమూరి చంద్రకళను, డెబ్భై నాలుగేళ్ళదాన్ని. తాళవాద్యాల మీద పరిశోధన చేసి, యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, చాలా కోపంతో ఈ వీలునామా రాస్తున్నాను. కోపం మతిభ్రమ కాదని మా డాక్టరమ్మ ఒప్పుకుంది.

1. పాత వీలునామాలన్నీ రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా మేనకోడలు మృదులది.

2. నేనుంటున్న కాండో ఫ్లాటూ, బ్యాంకులో ఉన్న డబ్బూ మృదులకే. ఒక్క షరతు. లాయరు "తీసుకుంటావా?" అనగానే ఔననాలి. "నో నో అత్తయ్యా, ఐ కాంట్" అంటే కుదరదు. లాయరు రెండోసారి అడగకూడదు. కెనడాలో పుట్టినా దీనికి మన మొహమాటం పోలేదు.

3. పరిశోధనకు బ్రెజిల్ వెళ్ళినప్పుడు అక్కడి కవి అన్సెల్మో నాకు చేపల పులుసు వండిపెట్టిన మట్టి చట్టి పక్క ఫ్లాట్ సాత్వికకు. అంత పేరున్న మనిషీ నేను రెండోసారి వడ్డించుకునేదాకా చెంచా ముట్టలేదు. అక్కడి ఫుట్‌బాల్ గోల్‌కీపర్ తార్సీజియో ఇచ్చిన గ్లవ్స్ నాతో మ్యాచులు చూసే శ్రీరాములు గారికి. స్టేడియంలో డప్పుల గురించి అడిగితే తార్సీజియో, "నేను గోల్ వదిలేసినప్పుడు అవి ఆగిపోయాయి, ఆ నిశ్శబ్దమే ఇంకా వినిపిస్తోంది" అన్నాడు.

4. ఇక బ్రాంప్టన్‌లో ఉంటున్న హేమచంద్ర, ఒకప్పటి నా స్టూడెంటు.

బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరంలో సాంబా సంగీతానికి పెద్దదిక్కు దోనా జుల్మీరా. ఆమెది పాందేరో, మన కంజీరకు అక్కలాంటిది. ఒక మధ్యాహ్నమంతా ఆమె అదీ, నేను నా కంజీరా వాయించాం. లేచేటప్పుడు పాందేరో నా ముందుకు చాచి "ఇది నీది" అంది. వద్దండీ అన్నాను. మొదటిసారి వద్దనడం మా ఇళ్ళలో మర్యాద. ఎదుటివాళ్ళు బతిమాలతారు, అప్పుడు పుచ్చుకుంటాం. ఆమె బతిమాలలేదు. ముఖం చిన్నబుచ్చుకుంది. నాతో వచ్చి పక్కనే ఉన్న హేమచంద్ర చటుక్కున రెండు చేతులూ చాచి దాన్ని అందుకున్నాడు.

వాడు పుట్టి పెరిగింది తెనాలిలో. నా వద్దుకు అర్థం వాడికి తెలియదా? ఆమెకు ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఇప్పుడది వాడి హాల్లో గోడకు వేలాడుతోంది. ఆ రోజు వాయించింది తనే అని పార్టీల్లో కోతలు కోస్తాడు. నేనెదురుగా కూర్చుని ఉండగానే కోశాడు. దోనా జుల్మీరా మరుసటేడు పోయింది, నేను కాదన్నాననే అనుకుంటూ. అందుకు వాణ్ణి క్షమించను.

5. నా కంజీర హేమచంద్రకు. నా సంతాప సభలో అందరి ముందూ దాని మీద ఆనాటి వాయింపు వినిపించాలి. చేతకాకపోతే, చేతకాదని నాకు తెలుసు, పాందేరో గోడ మీంచి దించి మృదులకివ్వాలి. ఇవ్వమని చట్టం వాణ్ణి బలవంతం చేయజాలదు. నేనే అడుగుతున్నాను. ఇన్నేళ్ళూ అడగలేదు.

6. మృదులా, వాడు ఇస్తే మొదటి మాటకే పుచ్చుకో. అప్పటికైనా దోనా జుల్మీరాకు నేను ఔనన్నట్టవుతుంది.

టొరంటో, 2025 మార్చి 14
(సంతకం) వేమూరి చంద్రకళ

మా కళ్ళెదుటే సంతకం చేశారు, సాక్షులం:
మహీధర్
అమృత