పసుపు పట్టించిన రొయ్య పొట్టు

రాజమండ్రి

అమ్మకు తబిత వందనాలు. నేను కులాసాగానే ఉన్నాను. నువ్వు రొయ్యలు ఒలిచే షెడ్డులోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి ఈ కార్డు.

భీమవరం బస్సులో పంపిన రొయ్య పొట్టు అందింది. వాసన రాకూడదని కూరకు పట్టించినట్టు పసుపు పట్టించావు! కాస్టిక్ సోడా నీళ్ళలో వేయగానే పారాణిలా ఎర్రబడింది. "ఏంటమ్మా తబితా, ఇగురు పెడుతున్నావా?" అని మా ల్యాబు మేడం గారు ఒకటే నవ్వు.

కడగ్గా కడగ్గా తెల్లటి పొడి వచ్చింది. పులుపు నీళ్ళలో కరిగితే దానికి ప్లస్ ఛార్జి వస్తుంది. మైనస్ ఛార్జి ఉన్న మందును చుక్క చుక్కగా కలిపితే, రెండూ ఒకదాన్నొకటి లాక్కుని కంటికి ఆనని గుళికలవుతాయి. నిన్న తేట నీళ్ళు నేను చూస్తుండగానే లేత నీలంగా మసకబారాయి, తెల్లారగట్ల గోదారి మీదికి మంచు దిగినట్టు. కలలోలా అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఆ గుళికలు పుండు లోపలికి మందు మోసుకెళ్తాయమ్మా. పొట్టుకు గీరుకుపోయిన నీ వేళ్ళే గుర్తొచ్చాయి. అది మందుల షాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అందాకా గ్లౌజులు తీయకు.

తమ్ముడు జాషువా ట్యూషన్‌కి వెళ్తున్నాడా? వాడికి నా ముద్దులు. నా కోసం ప్రార్థన చెయ్యి.

ఇంకో సంచి పొట్టు పంపు. దానికి పసుపు వద్దు. ఆ పసుపేదో నీ వేళ్ళకు రాసుకో.

నీ తబిత