టెంటులో సిబ్బంది, సూదికి వాలంటీరు

ఆగస్టు 2010, గురువారం

ఈరోజు మా దవాఖానకు స్వైన్ ఫ్లూ సూదులు వచ్చాయి. ముందు వైద్య సిబ్బందికే వేయాలట. డాక్టరు సారు వేయించుకున్నాడు. రోగి ముఖం ఎన్నడూ చూడని క్లర్కు కూడా వేయించుకున్నాడు. నా వంతు వచ్చిందని రవిక చెయ్యి పైకి మడిచాను. నర్సు సుజాతక్క సిరంజి పక్కన పెట్టేసింది.

"నీకు లేదు చెల్లె. సిబ్బందికే ఇయ్యమన్నరు. మీ ఆశా వర్కర్లు వాలంటీర్లు గద."

"మరి మా తండా నుంచి జరమొచ్చిన ముసలాయనను మానుకోట పెద్ద దవాఖాన దాకా ఆటోల ఎవరు తీస్కపోయిండ్రు అక్కా? దారి పొడుగునా నా భుజం మీదనే తలవెట్టి దగ్గిండు."

"నన్నేం జెయ్యమంటవ్? పైనోళ్లు గట్లనే చెప్పిండ్రు."

ఆ ముసలాయనకు వచ్చింది స్వైన్ ఫ్లూనేనని తర్వాత తేలింది. అప్పటి నుంచి మా పాపకు పాలిచ్చేటప్పుడు కొంగుతో ముక్కు మూసుకుంటున్నాను. అది ఆటనుకుని కొంగు లాగి నవ్వుతుంది. ఇట్లా ఎన్నాళ్లో...

మొన్నటి నుంచి తెలంగాణ కోసం దవాఖాన ముందు టెంటు వేసి రిలే దీక్షకు కూర్చుంటున్నాం. బ్యానరు మీద 'వైద్య సిబ్బంది' అని పెద్ద అక్షరాలు. ఫొటో తీసేటప్పుడు సారే నన్ను ముందు వరుసలోకి పిలిచాడు. రాష్ట్రం వస్తే మనందరికీ న్యాయం జరుగుతుందని మైకులో చెప్పాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

సాయంత్రం ఇంటికి బయలుదేరుతుంటే సుజాతక్క వెనక నుంచి కేకేసింది. ఒక సూది మిగిలిందేమోనని ఆగాను.

"రేపు జర జల్ది రా చెల్లె. టెంటుల సిబ్బంది తక్కువ వడ్తున్నరు."