మంచి కంటికి పట్టీ

గోదావరిఖని

అవ్వకు నీ కొడుకు రఘుపతి దండాలు. మేమంతా బాగున్నాం, నీ మనవరాలు రవళి కన్ను గురించి ఫికరు పెట్టుకోకు.

కరీంనగర్ దవాఖానలో డాక్టరమ్మ పాప మెల్లకన్నును వదిలేసి మంచి కంటికి నల్లపట్టీ కట్టింది. ఇంటికి రాగానే నీ కోడలు శోభ "ఆమె మర్చిపోయి గీ కంటికి కట్టినట్టుంది" అని పట్టీని మెల్లకంటికి మార్చింది. మళ్ళీ వెళ్తే డాక్టరమ్మ కోపం చేసింది. "మంచిది మూస్తెనే రెండోది చూసుడు నేర్చుకుంటది. గిది చిన్నప్పుడే చెయ్యాలె, పెద్దయినంక చూపు రావుడు కష్టం" అంది.

నాకేమీ అర్థం కాలేదు. నిన్న డ్యూటీ దిగి వచ్చాక ఆ పట్టీని నా కుడికంటికి పెట్టుకుని గోడ మీది క్యాలెండర్ చూశాను. ఎడమకంటికి ఒక్క అంకె కూడా కనబడలేదు. ఇన్నేళ్ళూ రెండు కళ్ళతో చూస్తున్నాననే అనుకున్నాను. శోభ మాత్రం ఇప్పుడు నా కళ్ళు తిన్నగానే ఉన్నాయంటోంది.

బర్రె ఈనిందా? బాపు దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే మిరపతొక్కు పంపు. అక్కాబావలకు దండాలు, పిల్లలకు దీవెనలు.

అవ్వా, ఒక్కటి చెప్పు. "మెల్లకన్ను అదృష్టం, దవాఖాన ఎందుకు" అని నా చిన్నప్పుడు నువ్వు అనేదానివి, నాకు లీలగా గుర్తుంది. ఆ మాట ఎవరి కన్ను చూసి అనేదానివి?